పరుల యింటి పరిచర్య

(గూడూరు గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



వలస మన పడమటి తాలూకాల వారికి క్రొత్త మాట కాదు. వాన తప్పిన యేట ఆదోని, కోసిగి ప్రాంతముల కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, బిడ్డలను బడి మాన్పించి, గుంటూరు సీమ మిరపచేలకు తరలుట మీరెల్లరు నెఱిగినదే. ఆ కష్టము గొప్పది. అయినను అందొక స్వేచ్ఛ కలదు: కూలి సరిగా నీయని కామందును విడిచి మఱియొకని చేనికి పోవచ్చును. ఆ పాటి స్వేచ్ఛయు లేని వలసను గూర్చి నేడు మనవి చేయుచున్నాను.

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతముల నుండియు, గోదావరి సీమ నుండియు వేలకొలది స్త్రీలు కువైటు మొదలగు దేశములకు పోయి, పరుల బిడ్డలను పెంచుచు, మంచమున బడిన వృద్ధులకు పరిచర్య చేయుచున్నారు. తమ బిడ్డలను మాత్రము అవ్వల చేతిలో నుంచి పోయినారు.

వీరి రక్షణకై మన ప్రభుత్వము 1983 నాటి ప్రవాస చట్టము క్రింద నియమములు చేసినది. పదవ తరగతి గట్టెక్కనివారు గల్ఫు దేశములకు పనికి పోవలెనన్న అనుమతి పొందవలెను. ఇంటిపనికి పోవు స్త్రీకి 30 ఏండ్లు నిండినగాని ఆ యనుమతి లేదు. ఉద్దేశము మంచిదే, కాని యాకలి వయస్సు నెంచదు. 25 ఏండ్ల తల్లికి రాజమార్గము మూసినచో ఏజెంటు దొడ్డిదారి చూపును, విజిటు వీసామీద పంపును. అట్లు పోయినదాని పేరు ప్రభుత్వపు లెక్కలలో నుండదు. చేత ఒప్పందపత్రము నుండదు. రక్షణకై కట్టిన గోడయే రక్షణకు అడ్డమైనది.

అచ్చట నేమి? దినమునకు 12 గంటలకు మించి పని కూడదనియు, వారమున కొకనాడు సెలవీయవలెననియు కువైటు 2015లో చట్టము చేసినది. సంతోషము. కాని వీసా కఫీలు చేతిలోనిది. అతని యనుమతి లేక గడప దాటినచో పరారీ కేసు. విడిచిపోవు స్వేచ్ఛ లేనివారికి తక్కిన హక్కులన్నియు ఎండమావులు.

ఈ దోషము గల్ఫు దేశములకే పరిమితము కాదు. బ్రిటను, వృద్ధుల సేవకు మనుష్యులు చాలక, 2022 ఫిబ్రవరిలో పరదేశపు సంరక్షకులకు తలుపు తెఱచెను. 2024 మార్చి 11 నుండి వారి భార్యాబిడ్డల రాకను నిషేధించెను. 2025 జులై 22 నుండి విదేశములనుండి క్రొత్తవారిని చేర్చుకొనుటయే మానెను. ఆ దేశమున వృద్ధులు తగ్గలేదు. రాజకీయపు గాలి మారినది. అచ్చటను వీసా యజమానునితో ముడిపడినదే.

1912లో గోపాలకృష్ణ గోఖలే శాసనసభలో గిర్మిటు పద్ధతిని రద్దు చేయుమని తీర్మానము తెచ్చినపుడు సముద్రము దాటుటను తప్పుపట్టలేదు; మనుష్యుని ఒక్క యజమానునికి కట్టివేయుటను తప్పుపట్టెను. ఆ తీర్మానము ఆనాడు వీగిపోయినను 1917లో కూలీల యెగుమతి నిలిచెను. ఆ కట్టే నేడు వీసా రూపమున మరల వచ్చినది.

కావున మనము కోరవలసినది నిషేధము కాదు. వయోనియమమునకు మారుగా, తెలుగున వ్రాసి చదివి వినిపించిన ఒప్పందము ప్రతి స్త్రీకిని ఉండవలెను. యజమానుని మార్చుకొను హక్కును మన ప్రభుత్వము ఆ దేశములతో చేసికొను ఒడంబడికలలో పట్టుబట్టవలెను. ఇంటిపనివారికై 2011లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ ఒప్పందమును భారతదేశ మింకను ఆమోదింపలేదు, ఆమోదింపవలెను. ఏజెంటునకు లైసెన్సు కలదో లేదో ప్రభుత్వపు జాబితాలో చూచి చెప్పుట ప్రతి పఠనమందిరమును చేయగల సేవ.

చివర నొక్క మాట. పరదేశపు యజమానుని మనము నిందించుచున్నాము, నిందింపవలసినదే. కాని మన యింట అంట్లు తోమి, మన ముసలివారికి స్నానము చేయించు స్త్రీకి వారమున కొకనాడు సెలవిచ్చినవారు ఈ సభలో నెందఱు? ఆ ప్రశ్నకు తలయెత్తి బదులీయగలిగిననాడు కువైటును ప్రశ్నించుటకు మన గొంతున బలముండును.