కరవు కాలమున స్త్రీల ప్రయాణము



2020లో కరోనా వలన తమిళనాట పనులు సన్నగిల్లినపుడు, అనేక గృహములలో ఉన్న ఒక్క మోటారు సైకిలు పురుషునికే దక్కినది. బస్సులు మరల తిరిగినను, ఛార్జీ మిగుల్చుటకు నడచినది స్త్రీ.

పురుషుడు ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి పోవును. స్త్రీకో, పోవుదారిలో బడి, వచ్చుదారిలో రేషను దుకాణము, నడుమ ఆసుపత్రి. దిగిన చోటనెల్ల మరల టిక్కెట్టు! ఈ ఖర్చును ఇంటి పద్దులో ఎవరు వ్రాసిరి?

2021 మే నెలనుండి ప్రభుత్వము సాధారణ ఛార్జీల టౌను బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించినది. మేలే. కాని డీలక్సు బస్సులకది వర్తింపదు. సాధారణ బస్సు గంటకొకటి వచ్చు పేటలో ఉచితమైనను నడకయే గతి.

మన సంఘము పంపు అర్జీలలో తెలుగు బడులతోపాటు బస్సు వేళలను గూడ చేర్చవలెనని నా మనవి. ఏ వేళకు బస్సు లేదో స్త్రీలనే అడిగి వ్రాయుడు.