నల్లకోటు వేసుకోబోయే మన పిల్లలకు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫలక్‌నుమాలో లా చదివే పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "వకీల్ సాబ్, పట్టా వస్తుంది సరే, తిండి ఎప్పుడొస్తుంది?" దాచకుండా చెబుతున్నాం, మొదటి మూడేళ్లు కష్టమే. చాలామంది తెలివి లేక కాదు, ఇల్లు గడవక ఈ వృత్తి వదిలేస్తున్నారు. కనుక ఈ సంగతి నల్లకోటు కుట్టించకముందే అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకోండి.

ముందు నమోదు సంగతి. బార్ కౌన్సిల్ నమోదు రుసుము చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించరాదని, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలేనని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పు చేసి వేలు కట్టే పని లేదు. నమోదయ్యాక రెండేళ్లలో అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కాలి. దాన్ని రేపటికి వాయిదా వేయకండి.

తరువాత సీనియరు. పెద్ద పేరున్నవారికన్నా రోజూ కోర్టులో నిలబడి సాక్షులను విచారించేవారి దగ్గర చేరండి. జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 రూపాయలు ఇవ్వడం మంచిదని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, హుకుం కాదు. అందుకే చేరిన రోజే మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు.

జడ్జి కావాలనుకునేవారికి ఒక మాట. తొలి మెట్టు సివిల్ జడ్జి ఉద్యోగానికి మూడేళ్ల వకాలతు అనుభవం ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నిబంధనలు మళ్లీ చూసుకోండి. ఎలా చూసినా కోర్టులో గడిపిన రోజు వృథా పోదు.

ఇక చదువు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నోటికొచ్చిన 302 ఇప్పుడు 103, 420 ఇప్పుడు 318. కాని ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే. రెండూ నేర్వక తప్పదు.

మన పిల్లలకు ఇంట్లోనే ఒక ఆస్తి ఉంది. నిజాం కాలంలో కోర్టు భాష ఉర్దూ. పాతబస్తీ ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్న అమ్మకం కాగితాలు, నికాహ్‌నామాలు ఎన్నో ఉర్దూలోనే ఉన్నాయి. నానాజాన్ దగ్గర కూర్చుని ఆ చేతిరాత చదవడం నేర్చుకోండి. అలాగే తెలుగు. పోలీసు కాగితాలు, సాక్షుల వాంగ్మూలాలు తెలుగులో వస్తాయి. ఇంగ్లీషు మీడియం చదివామని తెలుగు వదిలేస్తే సగం కేసు చేజారినట్టే.

మా తప్పు ఒకటి చెప్పుకుంటాం. కొత్తలో వాయిదా తేదీని డైరీలో ఒక రోజు తేడాగా రాసుకున్నాం. మరునాడు వెళ్లేసరికి మేము లేనందున దావా కొట్టివేశారు. వాది ఒక వితంతువు, ఉన్నది ఒక్క గది. ఏం చెప్పాలా అని వణికిపోయాం. మా సీనియరు, "ఈ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లి నిజం చెప్పు" అన్నారు. వెళ్లాం. ఆమె తిట్టింది, తరువాత చాయ్ ఇచ్చింది. పునరుద్ధరణ దరఖాస్తుకు 30 రోజుల గడువు ఉంది. మూడో రోజే వేశాం, ఖర్చులు మేమే కట్టాం. దావా మళ్లీ నిలబడింది. ఆనాటి నుంచి తేదీని కోర్టు హాల్లోనే రాసి, బెంచి గుమాస్తాను అడిగి సరిచూసుకుంటాం. తప్పు జరిగితే కక్షిదారుకు అదే రోజు చెప్పండి. ఆమె తరువాత మా దగ్గరకు పంపిన కేసులు ఇప్పటికీ మరచిపోలేదు.

కక్షిదారు ఇచ్చిన డబ్బుకు రసీదు ఇవ్వండి. దళారీలకు కమీషన్ ఇచ్చి కేసులు తెచ్చుకోకండి. చదువుకునే రోజుల్లోనే పురానీ హవేలీలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి పారా లీగల్ వాలంటీరుగా చేరవచ్చేమో విచారించండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవారికి, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ సంగతి మన గల్లీల్లో ఎందరికి తెలుసు? చెప్పవలసింది మీరే. ముఖ్యంగా మన ఆడపిల్లలు వకీళ్లయితే, మగవారి ముందు నోరు విప్పలేని అక్కచెల్లెళ్లకు ఆసరా దొరుకుతుంది.

చివరగా పెద్దలకు మనవి. "మన పిల్లాడే కదా" అని జూనియరుతో ఊరికే అర్జీలు రాయించుకోకండి. రాసిన కాగితానికి ఎంతో కొంత చేతిలో పెట్టండి. ఈ మూడేళ్లు మనం వాళ్లను నిలబెడితే, తరువాత ముప్పై ఏళ్లు వాళ్లు మన పక్కన నిలబడతారు.

సెలవు.