పడకలు రెండు వేలు సరే, పోస్టుల ఫైలు ఎక్కడ?

(ఉస్మానియా ఆసుపత్రి తరలింపుపై మొహల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వక్తలము కాము. ముప్పై నాలుగు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు కదిలించినవారము. పదవీ విరమణ తర్వాత ఆరోగ్యశ్రీ కాగితాలు, పింఛను దరఖాస్తులు రాసి పెట్టడం మా దినచర్య. అట్టి పనిలో ఉండగా, రేషన్ దుకాణం వద్ద ఒక సోదరి మమ్మల్ని ఆపింది. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకొంటూ బతుకుతున్న మనిషి. ఆమె అడిగింది: “చాచా, ఉస్మానియా దవాఖానా గోషామహల్ పోతదంట గదా. మా మిషన్లు గూడ పోతయా? ఎప్పుడు పోతయి? ఆ నడుమ మేం యాడికి పోవాలె?”

ఉద్యోగమంతా జవాబులు రాయడంలోనే గడిపిన మేము ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాము. నేటి మా మాటలన్నీ ఆ ప్రశ్నల చుట్టూ తిరిగేవే.

ఉస్మానియా చరిత్ర ఇక్కడున్నవారికి చెప్పనవసరం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి దెబ్బతిన్నది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. తర్వాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ నమూనాతో లేచిన భవనం 1925 నాటికి పూర్తయినది. ఈ కథ చెప్పుకొనుట మనకు ఎంతో ఇష్టం. ఆ ఇష్టమే మనల్ని కొంత పక్కదారి పట్టించిందని మా అభిప్రాయం. కొందరికి కోపం రావచ్చు, అయినా చెబుతాము.

2015లో పాత భవనాన్ని కూల్చివేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నగరమంతా కదిలింది. వారసత్వ కట్టడమని పెద్దలు కోర్టు మెట్లెక్కారు. అది సబబే, మేమూ సంతకం చేశాము. 2020 జూలైలో వాననీరు వార్డులలోకి వచ్చింది. రోగులను తరలించి పాత భవనానికి తాళం వేశారు. అక్కడి మంచాలను అదే ఆవరణలోని ఇతర బ్లాకులలోకి సర్దవలసి వచ్చింది. అప్పుడు మనలో ఎందరం కదిలాము? గోడల కోసం సంతకం చేసిన మేము మంచాల కోసం చేయలేదు. కూల్చాలా, నిలపాలా అన్న వాదంలో సంవత్సరాలు గడిచిపోయాయి. రోగి సంగతి ఆ వాదంలో ఏ పక్షానికీ రాలేదు.

ఇప్పుడు గోషామహల్‌లో సుమారు 26 ఎకరాలలో రెండు వేల పడకల కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. పాత భవనాన్ని కాపాడతామని కూడ ప్రభుత్వం చెప్పింది. దీనిని మేము వ్యతిరేకించడం లేదు. ఇరుకు వార్డులలో ఉన్న పేదవానికి వెడల్పైన ఆసుపత్రి వద్దనడానికి మనమెవరము? చిరకాలంగా చెప్పుకొంటున్న ఉస్మానియా పడకల లెక్క 1168. దాని మీద ఎనిమిది వందలకు పైగా పెరగడం చిన్న విషయం కాదు.

అయితే గుమాస్తా కన్ను వేరుగా చూస్తుంది. భవనం ఫైలు వేరు, పోస్టుల ఫైలు వేరు. భవనానికి ఒకసారి నిధులిస్తే కట్టడం లేస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు. పోస్టు అంటే ఏటేటా జీతం. అందుచేత ఆర్థికశాఖ ఆ ఫైలును పదిసార్లు తిరగేస్తుంది, కొర్రీలు వేస్తుంది. మేము పనిచేసిన ఒక జిల్లాలో ఒక చిన్న ఆసుపత్రికి పడకలు పెంచుతూ ఉత్తర్వు వచ్చింది, కొత్త బ్లాకు కూడ కట్టారు. పోస్టులు మాత్రం పాత లెక్కలోనే నిలిచిపోయాయి. మేము బదిలీ అయ్యే నాటికి ఆపరేషన్ బల్ల మీద ప్లాస్టిక్ కవరు అట్లాగే ఉన్నది. మత్తు డాక్టరు లేడు. ఆ కవరు మీద పేరుకొన్న దుమ్ము మేము నేటికీ మరువలేదు.

ఒక వార్డులో ఇరవై నాలుగు గంటలూ ఒక్క నర్సు నిలిచి ఉండాలన్నా, మూడు షిఫ్టులు, వారపు సెలవులు, ప్రసూతి సెలవులు కలిపి నలుగురైదుగురు నర్సులు కావాలి. రెండు వేల పడకలకు ఎందరు కావాలో మీరే లెక్క వేయండి. డాక్టర్ల మాట అందరూ అడుగుతారు. ల్యాబు టెక్నీషియన్, ఫార్మసిస్టు, స్ట్రెచర్ తోసే వార్డుబాయ్, వీరిని అడిగేవారు ఉండరు. రాత్రి రెండు గంటలకు రక్తపరీక్ష చేసే మనిషి లేకపోతే ఎంత పెద్ద డాక్టరైనా ఏమి చేయగలడు? ఈ పోస్టులు శాశ్వతమైనవా, ఔట్‌సోర్సింగా, లేక పక్క ఆసుపత్రుల నుండి డిప్యుటేషన్ మీద లాగినవా? అట్లా లాగితే ఇక్కడ నిండిన కుర్చీ ఇంకొక చోట ఖాళీ అవుతుంది.

ఇక రెండవ ప్రశ్న, ఆ నడుమ కాలం. మాకు నిజంగా భయం కలిగించేది ఇదే. ఇల్లు మారేటప్పుడు ఒక పూట వంట ఆగితే ఫరవాలేదు. డయాలసిస్ వారం ఆగితే మనిషి ఉండడు. ఏ విభాగం ఎప్పుడు కదులుతుంది, కొత్తచోట మొదలైన తర్వాతనే పాతచోట మూస్తారా, ఈ సంగతి ముందుగా కాగితం మీద రావాలి. “త్వరలో” అన్న మాట మాకు తెలుసు. మేమే ఎన్నోసార్లు రాసి పంపినాము.

దూరం గురించి చాలామంది ఆందోళన పడుతున్నారు. గోషామహల్ మరీ దూరమేమీ కాదు. అయినా జిల్లాల నుండి వచ్చే పేదలు ఇమ్లిబన్ బస్టాండులో దిగి, మూట చంకన పెట్టుకొని అఫ్జల్‌గంజ్‌కు నడిచే వస్తారు. ఇకమీదట బేగంబజార్ రద్దీ దాటించి తీసుకుపోవడానికి ఆర్టీసీ చిన్న బస్సు ఒకటి వేస్తే ఆ చిక్కు తీరుతుంది.

దీనికన్న ముఖ్యమైనది అఫ్జల్‌గంజ్ స్థలం. అక్కడ వైద్యమంటూ ఏదైనా మిగులుతుందా? ఒక అత్యవసర విభాగం, ఓపీ, డయాలసిస్ కేంద్రం అక్కడే ఉంచాలని మా కోరిక. పాత భవనాన్ని బాగుచేసి కేవలం చూడడానికి టికెట్టు పెడితే, దానిని కట్టించిన ఉద్దేశ్యమే పోతుంది.

ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాలలో వైద్య సౌకర్యాల కొరతను సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. పాతబస్తీ పరిస్థితి కొంత భిన్నం. ఇక్కడ మనం కొత్తది అడగడం కాదు, ఉన్నది జారిపోకుండా చూసుకోవాలి. అట్లని దీనిని మన ఒక్కరి ఆసుపత్రిగా మాట్లాడవద్దని యువకులకు మనవి. ఆ వార్డులలో కొడంగల్ రైతు ఉన్నాడు, దేవరకొండ లంబాడీ తల్లి ఉన్నది, సరిహద్దు దాటి వచ్చిన మరాఠీ కూలీ ఉన్నాడు. వారి సంతకాలు కూడ మన కాగితం మీద ఉండాలి. గోషామహల్‌లోని వ్యాపారులకు తమ భయాలున్నాయి, వారితోనూ కూర్చోవలసి ఉన్నది.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు సిద్ధం చేశాము. మంజూరైన పోస్టులెన్ని, పనిచేయుచున్నవారెందరు, ఖాళీలెన్ని, కొత్త ఆసుపత్రికి ఎన్ని పోస్టులు అడిగారు, ఆ ఫైలు ఏ శాఖలో ఉన్నది, విభాగాల తరలింపు తేదీలు, అఫ్జల్‌గంజ్‌లో మిగిలే సేవలు: ఇవీ ప్రశ్నలు. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. ఒక్కరు వేస్తే ఒక కాగితం. యాభై ఇళ్లవారు వేస్తే గుమాస్తా దానిని పై అధికారి బల్ల మీద పెట్టక తప్పదు. ఇది మా అనుభవం.

నకళ్లు ద్వారం పక్కన బల్ల మీద ఉన్నాయి. రాయడం రానివారికి మేము, మా మిత్రులు ఇషా వరకు ఇక్కడే కూర్చొని రాసి పెడతాము. డయాలసిస్ వారు తమ ఓపీ చీటీల నకలు వెంట తీసుకురావాలి. ఆ సోదరి దరఖాస్తు మొదటిదిగా ఈ ఉదయమే రాసినాము.