బ్రౌజరు మన చెప్పుచేతలలో నుండవలెను

(ఒక గ్రామ గ్రంథాలయ సభలో ప్రచారాధికారి చేసిన ప్రసంగపాఠము)

  

ఈ గ్రంథాలయమునకు నేను వచ్చుట ఇది రెండవసారి. మొదటిసారి గత వేసవిలో వచ్చితిని. ఆనాడు ఆ మూలనున్న కంప్యూటరు ముందు ఒక వృద్ధ రైతు కూర్చుండి యుండెను. తన పొలము అడంగలు చూచుకొనవలెనని ఆయన కోరిక. కళ్లద్దములు తుడిచి తుడిచి పెట్టుకొనుచున్నాడు. తెరపై అక్షరములు చీమలబారువలె కనబడుచున్నవే గాని చదువ శక్యము కాలేదు. చెంతనున్న పదవ తరగతి బాలిక కంట్రోల్ మీటను నొక్కిపట్టి, కూడిక గుర్తుగల మీటను నాలుగు మార్లు నొక్కినది. అక్షరములు వేరుసెనగ గింజలంత అయినవి. "ఇన్నాళ్లూ ఈ గుణము దీనిలోనే ఉన్నదా అమ్మా?" అని ఆ పెద్దాయన అడిగెను. ఆ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము.

అవును, దానిలోనే ఉన్నది. అట్టివి ఇంకను ఎన్నో ఉన్నవి. వానిని ఎవరును మన కంటబడకుండ తాళము వేసి దాచలేదు. మనము తలుపు తీయలేదు, అంతే.

బ్రౌజరనగా ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఉన్న పుటలను తెచ్చి మన తెరపై చూపు సాధనము. 1990లో సెర్న్ అను ఐరోపా పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజరును రూపొందించెను. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన మొజాయిక్ దానిని సామాన్యుల చెంతకు చేర్చినది. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి కూర్పు, 2008లో క్రోమ్ వచ్చినవి. ఈ గ్రంథాలయపు యంత్రములో నున్నది ఫైర్‌ఫాక్స్ కనుక దానినే ఉదాహరణముగా తీసికొందును.

దీనిని చేసినవారు కోట్లాది జనులను దృష్టిలో నుంచుకొని ఏదో ఒక అమరికతో మన చేతికిచ్చిరి. మన కంటి చూపు, మన భాష, మన అవసరము వారికి ఎట్లు తెలియును? కొత్త నాగలిని ఏ రైతును కొన్నది కొన్నట్లే చేనులోనికి దింపడు. తన ఎడ్ల ఎత్తునకు, తన నేలకు తగినట్లు సవరించుకొనును. బ్రౌజరును గూడ అట్లే సవరించుకొనవలెను.

తెర కుడివైపు పై మూలలో ఒకదానిక్రింద నొకటిగా మూడు గీతలు కనబడును. అదియే లోపలి గదులకు ద్వారము. దానిని నొక్కి 'సెట్టింగ్స్' అను చోటికి పోయినచో అక్షరముల పరిమాణమును శాశ్వతముగా పెంచుకొనవచ్చును. ప్రతిసారి మీటలు నొక్కనక్కరలేదు. బ్రౌజరులోని ఆదేశములు తెలుగులో కనబడునట్లు భాషను మార్చుకొను వీలును అచ్చటనే గలదు.

ఇక రెండవది, గుర్తు పెట్టుకొనుట. భూమి వివరములకు మీభూమి పుట, వాతావరణ సూచనల పుట మనకు తరచు కావలసినవి. ప్రతిసారి పేరు వెదకి, మొదట కనబడినదానిని నొక్కుట మంచిది కాదు. ప్రభుత్వపు పుటవలె వేషము వేసికొని రుసుము గుంజు పుటలును ఆ వరుసలో చేరుచుండును. ఒక్కసారి సరియైన చిరునామాకు పొండు. ప్రభుత్వ స్థలముల పేర్లు సాధారణముగా 'గవ్', చుక్క, 'ఇన్' అను ఇంగ్లీషు అక్షరములతో ముగియును. అది చూచుకొని, చిరునామా పట్టీలోని నక్షత్రపు గుర్తును నొక్కుడు. ఇక ఆ పుట మీ ఇంటి దారివలె ఎప్పుడును తప్పదు.

మూడవది, చదువరి దృశ్యము. వార్తాపుటలలో ప్రకటనలు, కదలెడి బొమ్మలు కంటికి అడ్డుపడును గదా! చిరునామా పట్టీ చివర కాగితమువంటి చిన్న గుర్తు కనబడినపుడు దానిని నొక్కినచో ప్రకటనలన్నియు తొలగి, వ్యాసము మాత్రము పుస్తకపు పుటవలె నిలుచును. అక్షరముల పరిమాణము, వెనుక రంగు మన ఇష్టము. అన్ని పుటలకు ఇది వర్తింపదు. వర్తించినచోట మాత్రము వృద్ధులకు, పరీక్షలకు చదువుకొనువారికి ఎంతయు ఉపకరించును.

ఇప్పుడు నా స్వానుభవమును ఒకదానిని చెప్పెదను. ఒకనాడు తొందరలో ఏదో పుట తెరచితిని. "నోటిఫికేషన్లు పంపుటకు అనుమతింతురా?" అని అడిగినది. అడ్డు తొలగిన చాలునని 'అనుమతించు' అని నొక్కితిని. మరునాటినుండి తెర మూలలో హెచ్చరికలు మొదలైనవి. "మీ యంత్రమునకు వైరసు సోకినది, వెంటనే ఈ నెంబరునకు ఫోను చేయుడు" అని. నేను ఇంట లేని వేళ మా అన్నగారు దానిని చూచి, నిజమేనని నమ్మి, ఫోను చేసెను. అవతలివాడు మర్యాదగా మాటలాడి, చివరకు బ్యాంకునుండి వచ్చిన ఓటీపీ చెప్పుమనెను. మా వదినగారు చేతిలోని ఫోను లాగుకొని పెట్టివేయుటచేత ఆయన పింఛను సొమ్ము దక్కినది. ఊరూర ప్రచారము చేయువాడను, నా ఇంటనే ఈ తలుపు బార్లా తెరచి ఉంచితిని!

అందుచేత ఈ పని ఇంటికి పోగానే చేయుడు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ' భాగమున అనుమతుల వరుస ఉన్నది. అందు నోటిఫికేషన్ల చెంత, లోగడ ఇచ్చిన అనుమతులను తీసివేయవచ్చును. కొత్తగా ఎవరును అడుగకుండ ఆపివేయవచ్చును. ఫోనులో క్రోమ్ వాడువారు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో 'సైట్ సెట్టింగ్స్' అనుచోట ఇదే పని చేసికొనవచ్చును. అప్పటికే సొమ్ము పోయినచో సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930 నెంబరునకు ఫోను చేయుడు.

పదిమంది వాడెడి కంప్యూటరులో మరియొక జాగ్రత్త కలదు. "పాస్‌వర్డు దాచిపెట్టమందురా?" అని బ్రౌజరు అడుగును. మన ఇంటిలోనైన అది సౌకర్యము. ఇచ్చటనైన మన బీరువా తాళపుచెవిని రచ్చబండపై విడిచి పోవుటయే. ఇట్టి చోట మొదటనే కంట్రోల్, షిఫ్ట్, పి మీటలు కలిపి నొక్కి, ప్రైవేటు కిటికీని తెరచి పని చేసికొనుడు. దానిని మూసివేయగానే మనము చూచిన పుటల జాబితా తుడిచిపెట్టుకొని పోవును. అయితే ఆ కిటికీ మన జాడను ఈ యంత్రములో మాత్రమే తుడుచును. ఇంటర్నెట్టు ఇచ్చు సంస్థకుగాని, మనము పోయిన స్థలమునకుగాని మనలను కనబడకుండ చేయదు.

అన్నిటికంటె లోపలి గది ఒకటి యున్నది. చిరునామా పట్టీలో 'అబౌట్', రెండు చుక్కలు, 'కాన్ఫిగ్' అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో ముందుగా ఒక హెచ్చరిక వచ్చును. అంగీకరించి లోనికి పోయినచో వందలకొలది అమరికలుండును. ఒక ఉదాహరణము. ట్యాబులలో చివరిదానిని మూయగానే కిటికీ యంతయు మాయమగును. కొత్తవారు యంత్రము చెడినదని భయపడుదురు. ఆ గదిలో 'క్లోజ్‌విండో' అని వెదకి, 'లాస్ట్‌ట్యాబ్' అని ముగియు వరుసలో 'ట్రూ'ను 'ఫాల్స్'గా మార్చినచో ఆ బాధ తీరును.

కాని ఆ గదిలో నియమము తప్పరాదు. తెలియనిదానిని ముట్టరాదు. ఒకసారికి ఒక్కటియే మార్చవలెను. మార్చినదానిని నోటుపుస్తకములో తేదీతో వ్రాయవలెను. ఏ మందు ఏ చేనికి ఎంత వేసితిమో వ్రాసికొను రైతునకు ఇది కొత్తగాదు. మనము మార్చిన వరుసలు లావు అక్షరములతో కనబడును. ప్రక్కనున్న బాణపు గుర్తు నొక్కినచో పూర్వస్థితికి వచ్చును. కనుక భయమక్కరలేదు, శ్రద్ధ కావలెను.

పిల్లలకు ఒక్క మాట. వేడుకకై దాచినవియు ఇందులో గలవు. అదే పట్టీలో 'కాన్ఫిగ్'కు బదులు 'మొజిల్లా' అని వ్రాసి చూడుడు. క్రోమ్‌లో ఇంటర్నెట్టు లేనపుడు కనబడు డైనోసారు బొమ్మ వద్ద స్పేసు మీటను నొక్కి చూడుడు. ఏమగునో నేను చెప్పను. వెదకి కనుగొనుటలోనే ఆనందమున్నది.

చివరగా గ్రంథాలయాధికారి గారికి ఒక మనవి. ఈ కంప్యూటరు ప్రక్క ఒక నోటుపుస్తకమును దారముతో కట్టి ఉంచుడు. ఎవరు ఏ సదుపాయమును కనుగొన్నను తెలుగులో రెండు పంక్తులు వ్రాయవలెను. మొదటి పుటలో కంట్రోల్, కూడిక గుర్తు మీటల సంగతి ఆ బాలికచేతనే వ్రాయింపుడు. ఆ వృద్ధ రైతు నేడు ఈ సభలో ముందు వరుసలో కూర్చుండి యున్నారు. గతవారము తన అడంగలును తానే చదువుకొనిరని, అందులో విస్తీర్ణము తప్పు పడియుండగా తానే కనుగొని సవరణకు అర్జీ పెట్టిరని ఇప్పుడే తెలిసినది. అక్షరములు పెద్దవి కాకున్నచో ఆ తప్పు అట్లే నిలిచియుండెడిది.