ఓ బండా!



కోతీ మొసలీ కథ ఎరగనివాళ్లు మనలో ఉండరు. గుండెకాయను చెట్టు మీద మరిచిపోయి వచ్చానంటుందే, ఆ కోతి. పంచతంత్రంలో అది నేరేడు చెట్టు, బుద్ధుడి పూర్వజన్మల కథలైన పాళీ జాతకాల్లో మేడి చెట్టు. దానికి కావలసినంత పేరుంది కనుక ఇవాళ పక్కన పెడుతున్నాను. 547 జాతకాల్లో 57వది వానరింద జాతకం. అందులోనూ ఒక కోతి, ఒక మొసలే. ఎందుకో మనవాళ్ల చెవిన అంతగా పడలేదు.

ఏటి గట్టున ఒంటరి కోతి. ఏటి నడుమ లంక, లంక నిండా మామిడి, పనస. మధ్యలో నీళ్లలో ఒక బండ. పొద్దున్నే బండ మీదికి ఒక దూకు, అక్కణ్ణుంచి లంకలోకి ఇంకో దూకు. సాయంత్రం అదే దారిన వెనక్కి. కడుపుతో ఉన్న మొసలి పెళ్లానికి ఈ కోతి గుండెకాయ తినాలనిపించింది. మొగుడు వెళ్లి ఆ బండ మీద పడుకున్నాడు.

మీలో కొందరు కూర తరుగుతూ వింటున్నారని నాకు తెలుసు. తరగండి, కానీ ఇక్కడొక్క నిమిషం కత్తిపీట వదిలెయ్యండి.

సందెవేళ కోతి లంక అంచుకొచ్చి చూసింది. బండ రోజూ కంటే ఎత్తుగా ఉంది. నీరెంత ఉందో, బండ ఎంత పైకి తేలిందో ఎప్పుడూ గమనించుకునే కోతి అది. నీరు తీస్తే బండ పెరిగినట్టు కనబడుతుంది, నిజమే. ఇవాళ నీరు తియ్యలేదు, పొంగలేదు. మరి బండ ఎలా పెరిగింది?

అప్పుడు పిలిచింది. ‘ఓ బండా!’ పలుకు లేదు. మళ్లీ పిలిచింది. లేదు. మూడోసారీ లేదు. ‘ఏమే బండా, ఇవాళ నాతో మాట్లాడవేం?’ అంది.

మొసలి ఆలోచనలో పడింది. రోజూ ఈ బండ కోతికి బదులు చెబుతుంది కాబోలు, నేను చెప్పకపోతే బాగుండదు! ‘ఏమయ్యా కోతీ?’ అంది.

ఈ కథ నాకు దక్కింది పుస్తకంలో కాదు. కరెంటు పోయిన రాత్రి మా మేనత్త పిల్లలకు చెబుతుంటే విన్నాను. మూడో పిలుపు తరవాత ఆవిడ నోరు కట్టేసుకుంది. చీకట్లో ఎంతసేపు ఆగిందో! చివరికి ఓ బుడతడు ఉండబట్టలేక ‘ఆఁ, ఏంటి?’ అన్నాడు. అందరూ వాడి మీద పడి నవ్వారు. మొసలి దొరికిపోయింది! మనమేమో ‘తరవాతేమైంది, నీతేమిటి’ అని తరుముతాం. ఆ నిశ్శబ్దాన్ని దాటేసి పరిగెత్తేవాళ్లకు ఈ కథలో మిగిలేది ఓ జంతువు తప్పించుకున్న వార్త.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. మొసలి తన గుండెకాయ కోసమే వచ్చిందని తెలిసి, వేరే దారి లేదని కోతి ‘సరే, నోరు తెరు, వచ్చి పడతాను’ అంది. నోరు తెరిస్తే మొసలికి కళ్లు మూతపడతాయని కథకుడి మాట. జంతుశాస్త్రం ఏమంటుందని అడక్కండి. కోతి ఒక్క గంతులో మొసలి నెత్తి మీద, మరో గంతులో గట్టు మీద!

ఇక్కడ నాకు ముచ్చటేసేది ఇందులోని గాథ, అంటే పద్యం. సత్యం, ధర్మం, ధృతి, త్యాగం నాలుగూ ఉన్నవాడు శత్రువును దాటతాడన్న ఆ మెచ్చుకోలు పలికింది ఎవరనుకున్నారు? మొసలే. ఆకలితో, ఖాళీ నోటితో! పైగా బుద్ధుడు వేణువనంలో ఈ కథ చెప్పి, ఆ కోతి తానేనని, ఆ మొసలి తనను చంపజూసిన దేవదత్తుడేనని అంటాడు. తన ప్రాణం తీయజూసినవాడి నోట తన పొగడ్త!

ఇదే ఎత్తు వేసిన జింక ఒకటుంది, 21వ జాతకంలో. చెట్టు మీద మంచె కట్టుకున్న వేటగాడు పళ్లు విసురుతుంటే, అవి తన ముందుకొచ్చి పడటం చూసి జింక చెట్టుతో అంటుంది: ‘ఎప్పుడూ నిట్టనిలువుగా రాల్చేదానివి, ఇవాళ నీ పద్ధతి మారింది. నేను వేరే చెట్టు చూసుకుంటాను.’ ఆ వేటగాడు మొసలిలా చెట్టు తరఫున బదులు చెప్పలేదు లెండి. ఉక్రోషంతో బల్లెం విసిరాడు. అదీ తగల్లేదు.