పెద్దల నిద్రలేమి - మెదడుకు రక్తప్రసారము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి గ్రామమందును గట్టు తగాదాలు తీర్చిన పెద్దలుందురు. ఏ సరిహద్దు రాయి ఎచ్చట నున్నదో, ఏ బోదె ఎవరి పొలము మీదుగా పారవలెనో వారికి కంఠస్థము. అట్టి పెద్ద ఒకరు క్రమముగా రచ్చబండ వద్ద మౌనము వహింతురు. అడిగినదానికి ఆలస్యముగా బదులు చెప్పుదురు. పాత సంగతులు జ్ఞాపకమున్నను, నాలుగు పనులను వరుసగా అమర్చుకొనలేరు. అడుగులు కురుచనగును. రాత్రులు నిద్ర పట్టక వాకిట తిరుగుచుందురు. ఇంటివారు "ముసలితనము" అని ఊరకుందురు. అది కేవలము ముసలితనము కాకపోవచ్చునని చెప్పుటకే మేము నేడు మీ ముందుకు వచ్చితిమి.

మెదడు బరువు శరీరపు బరువులో నూటికి సుమారు 2 వంతులే. అయినను శరీరము వినియోగించు ప్రాణవాయువులో సుమారు 20 వంతులు దానికే కావలెను. దానిని నిలువచేసికొను గాదె మెదడునకు లేదు. కనుక నెత్తురు నిరంతరము పారుచుండవలెను. పెద్ద ధమనులు ప్రధాన కాలువల వంటివి. వాని నుండి చీలి మెదడు లోతునకు పోవు సన్నని నాళములు బోదెల వంటివి. కాలువ నిండుగా నున్నను బోదె పూడినచో శివారు భూమి ఎండును గదా! రక్తపు పోటు, అనగా మనము బి.పి. అనునది, ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో ఈ నాళముల గోడలు దళసరియై బిగిసిపోవును. మెదడులోని భాగములను కలుపు తంతువులకు నెత్తురు చాలదు. అందుచేతనే ఆలోచన మందగించును. నాళము పూర్తిగా మూసుకొనినచో చిన్న పక్షవాతము వచ్చును. ఒక్కొక్కప్పుడది రోగికే తెలియదు.

ఇక నిద్ర మాట. ఆరోగ్యవంతునకు నిద్రలో రక్తపు పోటు నూటికి 10 మొదలు 20 వంతుల వరకు తగ్గును. నిద్ర చెడినచో నాళములకు ఈ విశ్రాంతి కొరవడును. ఈ వ్యాధి గలవారిలో నిద్రలేమి కూడ నున్నవారికి మెదడులోని కొన్ని భాగములకు రక్తప్రసారము తక్కువగా నుండుట, ఆలోచనాశక్తి మరింత తగ్గుట కొన్ని పరిశోధనలలో కనుపించినది. రోగము నిద్రను చెరచునా, నిద్రలేమి రోగమును పెంచునా అను విషయము ఇంకను తేలలేదు. రెంటిని కలిపి చూచుటయే వివేకము.

నిరాశకు తావులేదు. అమెరికాలో 50 ఏండ్లు దాటిన 9,000 మందికి పైగా రోగులపై జరిగిన పరిశీలన ఫలితములు 2019లో వెలువడినవి. రక్తపు పోటును గట్టిగా అదుపు చేసినవారిలో జ్ఞానశక్తి స్వల్పముగా క్షీణించు స్థితి నూటికి సుమారు 19 వంతులు తక్కువగా నుండెను. ఎవరికెంత తగ్గింపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో ఆరోగ్యము పంచాయతీల విషయములలో నొకటి. కనుక మీరు చేయదగినవి కలవు. 30 ఏండ్లు దాటిన ప్రతివారికిని ఆశా కార్యకర్త, ఉపకేంద్రముల సాయముతో రక్తపు పోటు పరీక్ష జరుగునట్లు చూడుడు. బాగున్నదని మాత్రలు మానివేయువారిని మందలింపుడు. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడము, వడియము ఈ లెక్కలోనివే. చుట్ట, బీడీ మానిపింపుడు. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు మైకులను 2000 నాటి నిబంధనలు నిషేధించుచున్నవి, వాని నమలుపరచుడు.

నిద్రపట్టనివారు నిత్యమొకే వేళకు లేవవలెను, ఉదయపుటెండలో నడువవలెను, పగటి నిద్రను, సాయంకాలపు టీని తగ్గింపవలెను. నిద్రమాత్రలు తమంతట కొని వాడరాదు, వృద్ధులు తూలిపడుదురు. పెద్ద గురకతో ఊపిరి ఆగి ఆగి వచ్చువారిని వైద్యునకు చూపవలెను. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేయవలెను. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలసి యుండును.

మరియొక మనవి. ఆలోచన మందగించిన పెద్దను వెర్రివానిగా చూడకుడు. సభలో ఆయన బదులు చెప్పువరకు వేచియుండుడు. తెలియని కాగితముపై ఆయనచే వేలిముద్ర వేయింపనీయకుడు. శివారు భూమికి నీరందలేదని రైతు మొరపెట్టినచో మీరు కాలువ వెంట నడచి చూతురు. "రాత్రి నిద్ర పట్టలేదు" అని పెద్ద చెప్పిననాడును అట్లే విచారింపుడు.