అండాశయం దగ్గరే ఆగిపోయిన వైద్యం



నాకు పిసిఓఎస్ ఉందని తేలినప్పటి నుంచి డాక్టర్లు అడిగినవి రెండే ప్రశ్నలు: పెళ్ళయిందా? పిల్లలు కావాలా? నెలసరి రావడానికి మాత్రలు రాశారు, బరువు తగ్గమన్నారు. మెడ నల్లబడితే బాగా రుద్దుకోమన్నారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చని ఏళ్ళ తరబడి ఎవరూ చెప్పలేదు.

1935లో స్టెయిన్, లెవెంథాల్ దీన్ని అండాశయాల జబ్బుగానే వర్ణించారు. ఇన్సులిన్‌తో సంబంధం 1980లోనే బయటపడింది. కణాలు ఇన్సులిన్‌కు స్పందించకపోతే శరీరం దాన్ని మరింత తయారుచేస్తుంది. అలా పెరిగిన ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది. సన్నగా ఉన్నవాళ్ళలోనూ, పరగడుపు షుగరు మామూలుగా ఉన్నవాళ్ళలోనూ ఇది జరగవచ్చు. అయినా 2003 నాటి రాటర్‌డామ్ నిర్ధారణ ప్రమాణాల్లో ఇన్సులిన్ ప్రస్తావనకు చోటు దక్కలేదు.

పెళ్ళికీ సంతానానికీ అడ్డొస్తేనే స్త్రీ జబ్బు జబ్బవుతుంది. ఆమెకు రేపు రాబోయే మధుమేహం ఎవరి లెక్కలోకీ రాదు.

వయసు, బరువులతో నిమిత్తం లేకుండా పిసిఓఎస్ తేలగానే షుగరు స్థితిని పరీక్షించాలనీ, ఒకటి నుంచి మూడేళ్ళకోసారి మళ్ళీ చూడాలనీ 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చేసే రక్తపరీక్ష ఇందుకు అన్నిటికన్నా నమ్మదగినది. పెళ్ళితో, పిల్లలతో ముడిపెట్టకుండా ఆ పరీక్షను మన హక్కుగా అడుగుదాం.